హలాలే... మరి తయ్యిబేనా? సిడ్నీ హార్బర్‌లో గాలం వేసే ముందు చూసుకోవాల్సిన లెక్క

ఆస్ట్రేలియాలోని సిడ్నీ హార్బర్ ఒడ్డున గాలం వేసి ఒక మనిషి రోజుకు పది బ్రీమ్ చేపల దాకా ఇంటికి తీసుకెళ్లొచ్చు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది. అదే హార్బర్‌లో పట్టిన బ్రీమ్‌ను ఒక మనిషి నెలకు 150 గ్రాములకు మించి తినొద్దని అదే రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అది కూడా హార్బర్ బ్రిడ్జికి తూర్పు వైపు పట్టిన చేప అయితేనే. పడమటి వైపు పట్టింది అయితే అసలు తినొద్దంటోంది.

పట్టుకోవడానికి పది, తినడానికి 150 గ్రాములు. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియకుండానే చాలామంది గాలం కొంటున్నారు, చేప వండుకుంటున్నారు.

ఈ సంగతి తెలుగు ముస్లిం కుటుంబాలకు ఎందుకు? ఆస్ట్రేలియా 2021 జనగణన ప్రకారం ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలకు పైగా ఉన్నారు. సిడ్నీలో ఉండే మనవాళ్లు ఎక్కువగా కనిపించేది పారమట్టా, వెస్ట్‌మెడ్, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్ లాంటి పడమటి పేటల్లో. గల్లిపోలి మస్జిద్ ఉన్న ఆబర్న్ కూడా అటువైపే. వీళ్లందరికీ దగ్గర్లో ఉన్న నీళ్లు పారమట్టా నదివి. ఆ నది హార్బర్‌లో కలిసేది బ్రిడ్జికి పడమటి వైపే. అంటే ఇంటికి దగ్గరగా, రైలు దిగి నడిచి వెళ్లగలిగిన ఒడ్డు ఏదైతే ఉందో, అక్కడి చేపే తినకూడనిది.

ఇంత మోజు ఎందుకు?

బ్రీమ్ అంటే వెండి రంగులో మెరిసే, పక్కలు బల్లపరుపుగా ఉండే చేప. సిడ్నీలో దొరికేది ఎక్కువగా ఎల్లోఫిన్ బ్రీమ్. పొట్ట కింది రెక్కలు పసుపు రంగులో ఉంటాయి. సముద్రం నుంచి నదిలోకి, నది నుంచి సముద్రంలోకి తిరుగుతుంది. నగరం మధ్యలో వంతెన స్తంభాల చుట్టూ, రాతి గోడల పక్కన, కట్టేసిన పడవల నీడలో బతికేస్తుంది. అందుకే పడవ అక్కర్లేకుండా ఒడ్డున నిలబడే పట్టొచ్చు.

ఒకప్పుడు దీనికి రొయ్య ముక్కో, వానపామో ఎరగా గుచ్చేవారు. ఇప్పుడు కుర్రాళ్లు వాడేది సాఫ్ట్ ప్లాస్టిక్. రబ్బరులా మెత్తగా సాగే రెండు మూడు అంగుళాల బొమ్మ ఎర ఇది. చూడటానికి చిన్న రొయ్యలానో, పురుగులానో, చేపపిల్లలానో ఉంటుంది. తలకు సీసం బరువున్న ముల్లు, దాన్నే జిగ్‌హెడ్ అంటారు, దానికి ఈ బొమ్మను ఎక్కిస్తారు. తేలికపాటి గాలం కర్ర, చిన్న రీల్, సన్నటి అల్లిక దారం, చివర్లో నీళ్లలో కనిపించని నైలాన్ లాంటి దారం. సరంజామా అంతే. కంపు లేదు, ఎరను ఫ్రిజ్‌లో దాచే బాధ లేదు, ఆఫీసు బ్యాగులోనే పట్టేస్తుంది.

పట్టే పద్ధతిలో ఓపిక ముఖ్యం. ఎరను స్తంభానికో గోడకో వీలైనంత దగ్గరగా విసరాలి. దానంతట అది కిందికి దిగేదాకా ఆగాలి. తర్వాత కర్ర కొసను రెండుసార్లు చిన్నగా కదిపి, మళ్లీ ఆపాలి. బ్రీమ్ ఎక్కువగా నోరు పెట్టేది ఎర కిందికి దిగుతున్నప్పుడే. దారం ఒక్కసారి వదులైనా, పక్కకు జరిగినా చేప ముట్టినట్టే. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, ఆటు మొదలై నీరు వెనక్కి లాగుతున్నప్పుడు అవకాశం ఎక్కువ. ఫజర్ నమాజ్ అయ్యాక గంటసేపు ఒడ్డున నిలబడి ఉద్యోగానికి పోయేవాళ్లకు ఈ టైమింగ్ బాగా కుదురుతుంది.

కొత్త దేశంలో స్నేహితులు తక్కువ, ఖర్చు ఎక్కువ. అలాంటి చోట ఒంటరితనానికి ఇంత చవకైన మందు ఇంకోటి దొరకదు. మద్యం, క్లబ్బులు లేని కాలక్షేపం కావడంతో ఇంట్లో పెద్దలకూ అభ్యంతరం ఉండదు. సమస్య గాలంతో లేదు. చేప కడుపు నింపుకునే చోటుతో ఉంది.

అడుగున ఏముంది?

పారమట్టా నది దక్షిణపు ఒడ్డున రోడ్స్ అనే పేట ఉంది. ఈ రోజు అక్కడ ఎత్తైన అపార్ట్‌మెంట్లు, షాపింగ్ సెంటర్ కనిపిస్తాయి. కొన్ని దశాబ్దాల కిందట అక్కడ రసాయన ఫ్యాక్టరీలు ఉండేవి. టింబ్రాల్ అనే కంపెనీ 1928లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ 1957లో యూనియన్ కార్బైడ్ చేతికి వచ్చింది. 1980ల మధ్యలో మూతపడింది.

యూనియన్ కార్బైడ్ పేరు మనకు కొత్త కాదు. 1984 డిసెంబర్ 2-3 రాత్రి భోపాల్‌లో విషవాయువు లీకైంది దాని భారతీయ అనుబంధ సంస్థ ఫ్యాక్టరీ నుంచే. పాత భోపాల్ బస్తీలు ఆ రాత్రి ఏం పోగొట్టుకున్నాయో ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. రోడ్స్‌లో జరిగింది అలాంటి ప్రమాదం కాదు. అక్కడ రోజువారీ ఉత్పత్తే నెమ్మదిగా నష్టం చేసింది.

ఆ ఫ్యాక్టరీలో 2,4-డి, 2,4,5-టి అనే కలుపు మందులు తయారయ్యేవి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ ఈ రెండింటి మిశ్రమమే. 2,4,5-టి తయారీలో డయాక్సిన్ అనే విషం కూడా పుడుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థాలతో ఒడ్డును పూడ్చి భూమిని పెంచారు. పక్కనే ఉన్న హోమ్‌బుష్ బే బురదలోకి ఆ విషం చేరింది. ఆటుపోట్లతో హార్బర్ అంతా పాకింది.

డయాక్సిన్ నీటిలో తేలిగ్గా కరగదు. బురదను పట్టుకుని ఉండిపోతుంది. ఆ బురదలో ఉండే పురుగులు, రొయ్యలు, గవ్వ జీవులు దాన్ని తింటాయి. వాటిని బ్రీమ్ తింటుంది. ప్రతి మెట్టులోనూ విషం కొవ్వులో పోగుపడుతూ పోతుంది. పైగా బ్రీమ్ నెమ్మదిగా పెరిగే చేప. గాలానికి చిక్కే సైజుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అన్నేళ్లూ అది ఆ అడుగునే మేస్తుంది.

హోమ్‌బుష్ బేలో చేపలు పట్టడాన్ని 1989లోనే నిషేధించారు. 2000 ఒలింపిక్స్ జరిగిన పార్కు ఆ బే పక్కనే ఉంది. తర్వాత రోడ్స్ ఒడ్డు వెంట బురదను కొంతమేర తవ్వి శుభ్రం చేశారు. కానీ హార్బర్ మొత్తం అడుగును తవ్వడం ఎవరి వల్లా కాదు. 2005 చివర్లో, 2006 మొదట్లో పరీక్షల్లో రొయ్యల్లో, బ్రీమ్‌లో డయాక్సిన్ ఎక్కువగా బయటపడింది. దాంతో 2006లో సిడ్నీ హార్బర్, పారమట్టా నది, వాటితో కలిసిన ఆటుపోటు నీళ్లన్నింటిలో వ్యాపారం కోసం చేపలు పట్టడం పూర్తిగా ఆపేశారు. తరతరాలుగా అక్కడ వల వేసినవాళ్లు వృత్తి వదులుకున్నారు.

అమ్మితే నేరం, తింటే నీ ఇష్టం

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. అమ్మడానికి పనికిరాని చేప ఇంట్లో తినడానికి ఎలా పనికొస్తుంది?

ప్రభుత్వం రెండు దారులు పెట్టుకుంది. వ్యాపారానికి నిషేధం. సరదాగా గాలం వేసేవారికి సలహా. సలహా అంటే చట్టం కాదు, పాటించకపోతే జరిమానా లేదు. ఒడ్డున తనిఖీ చేసే ఫిషరీస్ అధికారి చూసేవి వేరు. ఫీజు రసీదు ఉందా, చేప 25 సెంటీమీటర్లకు తక్కువ ఉందా, లెక్క పది దాటిందా? ఈ మూడూ సరిగ్గా ఉంటే పంపించేస్తాడు. ఆ చేప ఇంటికెళ్లాక ఎవరు ఎంత తిన్నారో అడిగే హక్కు ఆయనకు లేదు.

ఒక్కసారి లెక్క వేసి చూడాలి. 30 సెంటీమీటర్ల బ్రీమ్ సుమారు అర కిలో తూగుతుంది. తల, ముల్లు, పొట్ట తీసేస్తే మిగిలే కండ సుమారు 200 గ్రాములు. చట్టం ఒప్పుకునే పది చేపలు పడితే రెండు కిలోల కండ. మనిషికి నెలకు 150 గ్రాముల చొప్పున ఇది పదమూడు మంది నెల కోటా. నలుగురున్న ఇంట్లో ఒక్క పొద్దున పట్టిన చేపను సలహా ప్రకారం తినాలంటే మూడు నెలలకు పైగా పడుతుంది. ఎవరైనా అలా తింటారా? ఆ రాత్రికే పులుసు, మర్నాడు ఫ్రై, మిగిలింది పక్కింటికి. ఇది తూర్పు వైపు చేప లెక్క. పడమటి వైపు చేపకు అనుమతించిన కోటా సున్నా.

పది అనే సంఖ్య చేపల జాతిని కాపాడటానికి పెట్టింది. 150 గ్రాములు మనిషిని కాపాడటానికి పెట్టింది. రెండూ వేర్వేరు ఉద్దేశాలతో వచ్చిన సంఖ్యలు. చదివేవాడు మాత్రం ఒక్కడే. అతనికి ఎక్కువగా గుర్తుండేది పెద్ద సంఖ్య.

వ్యాపారులను ఆపినప్పుడు ప్రభుత్వం బాధ్యత తన మీద వేసుకుంది. గాలం వేసేవారి విషయంలో ఆ బాధ్యతను వంటింటికి వదిలేసింది. ఇంగ్లీషు బోర్డులు చదివే అలవాటు ఉన్న, ఆ ఊరి చరిత్ర తెలిసిన స్థానికులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. వాళ్లలో చాలామంది పట్టిన చేపను ఫొటో తీసి నీళ్లలో వదిలేస్తారు. దూరదేశం నుంచి వచ్చి, చేపను కూర కోసమే పట్టే కుటుంబాలకు మాత్రం ఇది నిజమైన ప్రమాదం.

ఈత కొట్టొచ్చు, తినకూడదు

గందరగోళం పెంచే ఇంకో విషయం ఉంది. పారమట్టా నది బాగుపడుతోంది, అది నిజమే. కాంకార్డ్‌లోని బేవ్యూ పార్క్ దగ్గర 2022లో మళ్లీ ఈతకు అనుమతిచ్చారు. పిల్లలు ఈదుతున్న నీళ్లలో చేప తింటే ఏమవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఈ రెండు పరీక్షలు వేరు. ఈతకు పనికొస్తుందా అని చూసేటప్పుడు ముఖ్యంగా మురుగునీటి సూక్ష్మజీవులను కొలుస్తారు. వానకు మురుగు కలిస్తే పెరుగుతాయి, కొన్ని రోజులకు తగ్గుతాయి. డయాక్సిన్ అలా రాదు, పోదు. అది అడుగున ఉంది, నీటిలోంచి ఒంట్లోకి చొరబడేది చాలా తక్కువ. మనిషికి చేరే ప్రధాన దారి తిండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనుషులకు డయాక్సిన్ 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే చేరుతుంది. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన చేప మంచిదైపోదు.

మొప్పలు చూస్తే తెలియదు

మన ఇళ్లలో చేపను చూసే పద్ధతి ఒకటుంది. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను మెరుస్తోందా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తోందా? అమ్మీలు, నానీమాలు నేర్పిన ఈ పరీక్ష తాజాదనానికి బాగా పనిచేస్తుంది. డయాక్సిన్‌కు పనిచేయదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గంట కిందట పట్టిన, గిలగిలా కొట్టుకుంటున్న చేపలోనూ ఉండొచ్చు.

ఉప్పు, పసుపు, నిమ్మరసం వేసి కడిగినా పోదు. మామూలు వంట వేడికి విరగదు. చర్మం, పొట్టలోని కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతుంది, అంతే. ఇక మన చేపల పులుసులో తల, చర్మం, కొవ్వు అన్నీ పడతాయి. దిగిన కొవ్వంతా రసంలోనే ఉంటుంది, ఆ రసాన్నే అన్నంలో కలుపుకుంటాం. చర్మం వలిచి నిప్పుల మీద కాల్చుకునే ఇంటితో పోలిస్తే పులుసు వండే ఇంటికి చేరే భాగం ఎక్కువే. బ్రిడ్జికి పడమటి వైపు చేప విషయంలో ఎలా వండినా జవాబు ఒకటే, వండొద్దు.

ఒక్కసారి తిన్నందుకు ఎవరూ హడలిపోవాల్సిన పనిలేదు. ప్రమాదం పదే పదే తినడంలో ఉంది. ఒంట్లోకి చేరిన డయాక్సిన్ సగానికి తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాని రకాల్లో అతి విషపూరితమైన టీసీడీడీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కడుపులోని బిడ్డ మీద దీని ప్రభావం అందరికంటే ఎక్కువ. సిడ్నీలో కొత్తగా కాపురం పెట్టేవారిలో కొత్త జంటలూ ఉంటారు. ‘తాజా చేప, గర్భిణికి బలం’ అని ప్రేమతో పెట్టేవాళ్లు ఆ చేప ఏ నీటిదో ముందు అడగాలి.

హలాల్ ఒక్కటే చాలదు

చేప హలాల్ అనడంలో ఎవరికీ అనుమానం లేదు. జిబహ్ కూడా అక్కర్లేదు. మాంసం దుకాణంలో సర్టిఫికెట్ కోసం వెతికే కుటుంబం చేప దగ్గర నిశ్చింతగా ఉండటానికి ఇదే కారణం. ఆ నిశ్చింతే ఇక్కడ కళ్లకు గంత కడుతోంది.

ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాట కూడా వాడుతుంది. అంటే శుద్ధమైనది, మేలు చేసేది. తనకు హాని చేసుకోకూడదు, ఇతరులకు హాని చేయకూడదు అన్నది ఫిఖ్‌లో అందరూ ఒప్పుకునే సూత్రం. వైద్యపరంగా హాని ఖాయమని తేలిన ఆహారం విషయంలో ఉలమాలు ఈ సూత్రాన్నే ముందు పెడతారు. పిల్లలకు, గర్భిణికి పెట్టే అన్నం విషయంలో ఇది ఇంకా బరువైన బాధ్యత. పక్కింటికి పంపే గిన్నె విషయంలోనూ అంతే. హదియాగా ఇచ్చేటప్పుడు చేప ఎక్కడిదో చెప్పడం అమానత్ కిందికే వస్తుంది.

మరి తినకుండా వదిలేసేటట్టయితే పట్టడం ఎందుకు? ఈ ప్రశ్న కూడా వస్తుంది. ప్రాణిని వినోదం కోసం బాధపెట్టడం సరికాదని, అవసరం లేని వేట మక్రూహ్ అని చెప్పేవారు ఉన్నారు. గాయం కాకుండా వెంటనే వదిలేస్తే తప్పు లేదనేవారూ ఉన్నారు. ఎవరి మస్లక్ ప్రకారం వారు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. వదిలేవాళ్లు మాత్రం కొక్కెం వెనక ముల్లును నొక్కేసి వాడటం, చేతులు తడిపి పట్టుకోవడం, చేపను నీటి బయట ఎక్కువసేపు ఉంచకపోవడం పాటించాలి. తెగిపోయిన ప్లాస్టిక్ ఎరలను, దారాన్ని ఒడ్డున పడేయకుండా తీసుకెళ్లాలి. అవి కూడా అదే నీటిలో చేరే చెత్తే.

ఏం చేయొచ్చు?

ముందుగా బ్రిడ్జిని గుర్తుపెట్టుకోవాలి. మెడోబ్యాంక్, కాబరీటా, రోడ్స్, పారమట్టా వైపు ఒడ్లన్నీ పడమటివి. అక్కడ పట్టిన చేప, రొయ్య, పీత ఏదీ ఇంటికి తేవొద్దు. రోజ్ బే, వాట్సన్స్ బే, మ్యాన్లీ తూర్పువి. అక్కడి బ్రీమ్ మనిషికి నెలకు 150 గ్రాములు దాటొద్దు. మిగతా చేపలకు ఒక్కోదానికి ఒక్కో మోతాదు ఉంది, ఫిషరీస్ శాఖ పట్టిక చూసుకోవాలి. చేపలు ఈదుకుంటూ అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టే తూర్పు వైపుకు కూడా పరిమితి పెట్టారు.

పద్దెనిమిదేళ్లు నిండినవారు గాలం వేయడానికి ముందు ఫీజు కట్టాలి. కొన్ని వర్గాలకు మినహాయింపు ఉంది. రసీదు ఫోన్‌లో ఉంచుకోవాలి.

హార్బర్ చేప వద్దు కదా అని సముద్రపు బండల మీదికి ఎక్కొద్దు. రాళ్ల మీద నిలబడి గాలం వేస్తూ అలలకు కొట్టుకుపోయిన వలస కుటుంబాల వార్తలు సిడ్నీలో కొత్త కాదు. రాక్ ఫిషింగ్ భద్రతపై రాష్ట్రం 2016లో ప్రత్యేక చట్టమే తెచ్చింది. ప్రకటించిన చోట్ల లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈత రానివాళ్లకు ఆ బండలు అసలు వద్దు.

కూరకు చేప కావాలంటే దుకాణం ఉంది. బ్లాక్‌వాటిల్ బే ఒడ్డున ఉన్న సిడ్నీ ఫిష్ మార్కెట్ హార్బర్ నీళ్ల పక్కనే ఉన్నా, అక్కడ అమ్మే చేప ఆ హార్బర్‌లో పట్టింది కాదు. 2006 నిషేధం వల్ల అది బయటి నుంచే రావాలి. ఈ విషయంలో కొన్న చేపే పట్టిన చేప కంటే నమ్మకమైనది.

మిగిలింది సమాచారం చేరవేయడం. సిడ్నీకి చదువుకోసం వెళ్లే పిల్లలకు బ్యాంకు ఖాతా, ట్రైన్ కార్డు, హలాల్ దుకాణాల గురించి సీనియర్లు చెబుతారు. ఈ ఒక్క మాట కూడా ఆ జాబితాలో చేరాలి. జుమా తర్వాత రెండు నిమిషాల ప్రకటన చాలు, కుటుంబాల వాట్సాప్ గ్రూపులో నాలుగు లైన్లు చాలు. ఇక్కడ హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో ఉన్న అబ్బాలకు, అమ్మీలకు కూడా ఒక పని ఉంది. వీడియో కాల్‌లో కొడుకు చేప చూపించి మురిసిపోతే ‘మాషా అల్లాహ్, ఎంత పెద్దదో’ అన్న తర్వాత ఇంకో మాట అడగాలి. బ్రిడ్జికి ఎటువైపు పట్టావ్ బేటా?